తవుడుకి కొన్న పిల్ల

మా ఇంట్లో ఎవరూ ఏ మాటా సూటిగా అనరు. ఆకలేస్తే "ఈ ఇంట్లో ఒకప్పుడు వంటిల్లుండేదని గుర్తు" అంటాడు మా అన్నయ్య. జ్వరమొస్తే "నా చీరలెవరికో ఇప్పుడే తేల్చుకోండి" అంటుంది వదిన. ఎవరైనా పొరపాటున ప్రేమగా ఒక మాటంటే, ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని మిగతావాళ్ళు నుదుటి మీద చెయ్యేసి చూస్తారు. నేను ఆ ఇంటి ఆడపడుచుని కాబట్టి నాకూ ఆ భాష వచ్చు. కాకపోతే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. నేను మొదలుపెట్టిన హాస్యం సగం దారిలోనే తిట్టైపోతుంది.

ఇంట్లోవాళ్ళ వెక్కిరింతలన్నీ చివరికి వచ్చి పడేది చిన్నదాని మీద. అన్నయ్యకి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి పదిహేనేళ్ళు, చిన్నదానికి పది. "నిన్ను కనలేదే, తవుడు పోసి కొన్నాం" అని చిన్నపిల్లల్ని ఆటపట్టించని ఇల్లుండదు. వేరే ఇళ్ళల్లో పిల్లకి నాలుగైదేళ్ళు రాగానే ఆ మాట పాతబడుతుంది. మా ఇంట్లో అది ముద్దుపేరై కూర్చుంది. "తవుడమ్మా, నా కళ్ళజోడు తే", "తవుడూ, తలుపు తియ్యి." మొదట్లో చిన్నది పేచీ పెట్టేది. ఆస్పత్రిలో తీసిన ఫోటో పట్టుకొచ్చి "ఇదిగో, అమ్మ పక్కన ఉన్నది నేనే" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేది. "ఆ పిల్ల వేరు, నర్సులు మార్చేశారు" అనేది పెద్దది. ఈ ఏడాది ఎందుకో ఆ ఫోటో తేవడం మానేసింది. తవుడూ అంటే చాలు, పలుకుతోంది.

వదిన చెడ్డమనిషి కాదు. ఆవిడకి పాత సామాన్ల కొట్టుంది. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర బల్లలు, బీరువాలు, అద్దాలు కొని, బాగుచేయించి అమ్ముతుంది. ఆ వ్యాపారంలో నచ్చిన వస్తువుని నచ్చిందని అనకూడదు. అంటే ధర పెరుగుతుంది. నిజంగా మనసు పడ్డ బల్ల కనిపిస్తే ఆవిడ దాని వైపే చూడదు, పక్కనున్న విరిగిన కుర్చీని చూస్తూ మాట్లాడుతుంది. ఇన్నేళ్ళలో ఆ అలవాటు కొట్లోంచి ఇంట్లోకి కూడా వచ్చేసింది. చిన్నదానికి ఊపిరాడని దగ్గొచ్చి మంచం పట్టినప్పుడు వదిన పక్కనుంచి కదల్లేదు, ముద్ద ముట్టలేదు. తీరా పిల్ల లేచి కూర్చుంటే "హమ్మయ్య, పోసిన తవుడు దండగ కాలేదు" అంది. ఆ మాట వెనకున్న ప్రాణం నాకు తెలుసు. చిన్నదానికి తెలుసో లేదో నేను చెప్పలేను.

ఊరికి దూరంగా ఒక పాతకాలపు వీధిని ఉన్నదున్నట్టు నిలబెట్టి మ్యూజియం చేశారని, అందులో మనుషులు ఆనాటి బట్టల్లో ఆనాటి పనులు చేస్తూ కనిపిస్తారని విని, వదినే మమ్మల్ని బయల్దేరదీసింది. పిల్లలకి చరిత్ర తెలుస్తుందని పైకి చెప్పింది. అసలు సంగతి, అక్కడి బీరువాలు చూడాలని ఆవిడకి ఆశ.

గేటు దగ్గర ఒక ముసలాయన మమ్మల్ని ఆపి నాలుగు ముక్కలు చెప్పాడు. "లోపలున్నవాళ్ళకి మీ కాలం తెలీదండి. ఫోన్లు, కార్లు, అవేవీ తెలీవు. వాళ్ళని ఎలాగైనా నవ్వించి అసలు మనిషిని బయటికి లాగాలని చాలామంది చూస్తారు. లాభం లేదు. ఇంకోటి, మీరేదంటే అది నిజమనే అనుకుంటారు. కాస్త చూసి మాట్లాడండి."

"అయితే మా ఆవిణ్ణి ఇక్కడే వదిలేసి వెళ్ళాలన్నమాట" అన్నాడు అన్నయ్య.

ముసలాయన నవ్వలేదు. వదిన వైపు ఒకసారి చూసి, "వదిలేస్తే మంచిదే" అని గేటు తీశాడు.

నేను లాండ్రీలో మరకలు తీసే పని చేస్తాను. ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ముందు బట్టల మీదే పడతాయి. నాటకాలవాళ్ళ బట్టలు మా దగ్గరికి వస్తుంటాయి. వాటికి మసి పూయాలంటే ముందు పూస్తారు, వెనక పూయరు, చూసేవాళ్ళు ముందు కదా కూర్చునేది. ఇక్కడ కమ్మరి చొక్కాకి వీపు మీద చెమట అట్టలు కట్టింది. ఒకదాని మీద ఒకటి, పాతది పసుపుగా, కొత్తది తెల్లగా. బడి పంతులమ్మ కొంగు అంచుని కనీసం ముగ్గురు మనుషులు తలో తీరున కుట్టారు. ఒక కుట్టు మరీ పాతది, దారం చివికిపోయింది. ఇంత ఓపిక ఏ మ్యూజియానికి ఉంటుందా అని ముచ్చటపడ్డాను. కాసేపయ్యాక ముచ్చట పోయి, మెడ వెనక ఏదో పాకినట్టు అనిపించడం మొదలైంది. వాళ్ళెవరూ మమ్మల్ని చూసి పలకరింపుగా నవ్వడం లేదు. కొత్తవాళ్ళు వీధిలోకొస్తే పనిచేసుకునేవాళ్ళు ఎలా చూస్తారో అలా చూసి, మళ్ళీ పనిలో పడుతున్నారు.

"భలే చేస్తున్నారు కదూ" అన్నాడు అన్నయ్య.

వదిన కమ్మరి ఇంట్లో ఉన్న చెక్కపెట్టెని చూడకుండా చూస్తూ, "చెద పట్టిన పెట్టె" అంది. అంటే బాగా నచ్చిందన్నమాట.

వీధి చివర కాలువ, కాలువ మీద పిండిమర. నీటి చక్రం బయట తిరుగుతుంటే లోపల రెండు పెద్ద రాళ్ళు ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి. ఆ చప్పుడు చెవికి వినపడేదానికన్నా పాదాలకి ఎక్కువ తెలుస్తోంది. గోడలు, దూలాలు, సాలెగూళ్ళు, అన్నిటిమీదా పిండి. మరాయన పొడుగ్గా, వంగిన భుజాలతో ఉన్నాడు. కనుబొమల మీద కూడా పిండి ఉండటంతో వయసెంతో తెలీలేదు. ఆయన భార్య మూల కూర్చుని జల్లెడ పడుతోంది.

చిన్నది రాళ్ళ మధ్య నుంచి జారుతున్న పిండి కింద చెయ్యి పెట్టింది. మరాయన వారించలేదు. కాసేపు ఆ చేతిని చూసి అడిగాడు.

"నీ పేరేంటి పిల్లా?"

"తవుడండీ" అంది చిన్నది.

"అదేం పేరు?"

చిన్నది తల్లి వైపు చూసింది. చెప్పే అవకాశం వచ్చిందని వదిన ముందుకొచ్చింది. "ఇది మా కడుపున పుట్టింది కాదు లెండి. తవుడు పోసి కొన్నాం."

"ఎంత పోశారు?" అన్నాడాయన, మామూలుగా.

"బస్తా" అన్నాడు అన్నయ్య. "అదీ ఎక్కువే అనుకోండి."

మరాయన తల ఊపి లోపలికెళ్ళాడు. వచ్చేటప్పుడు భుజం మీద నిండు బస్తా ఉంది. దాన్ని తెచ్చి అన్నయ్య కాళ్ళ దగ్గర దించాడు. మూతి విప్పి చూపించాడు. తవుడే, తాజాది, ఇంకా వెచ్చగా ఉంది.

"మీది మీకు ముట్టింది. మాకు ఒక పిల్ల అవసరం ఉంది. దీన్ని ఇక్కడ వదిలెయ్యండి."

మేం కడుపుబ్బ నవ్వాం. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి. పెద్దది ఫోన్ తీసి, బస్తా పక్కన నాన్నని నిలబెట్టి ఫోటో తీసింది. చిన్నది మాత్రం నవ్వకుండా తల్లినే చూస్తోంది.

"అమ్మా, ఉండనా?"

"పోవే, పో. ఇంట్లో ఒక మంచం ఖాళీ అవుతుంది" అంది వదిన, నవ్వు ఆపుకోలేక.

"మాటేనా అమ్మా?" అని అడిగింది మరాయన భార్య, జల్లెడ పక్కన పెట్టి.

"మాటే, మాటే."

ఆవిడ లేచి వచ్చి చిన్నదాని చెయ్యి పట్టుకుంది. బూడిద రంగు పనిబట్ట ఒకటి తెచ్చి మెడలో వేసి, వెనక ముడేసింది. బూట్లు విప్పించి, చెక్కచెప్పులు తొడిగింది. విప్పిన బూట్లని తలుపు వెనకాల అరమీద పెట్టింది. అప్పుడు చూశాను, ఆ అర నిండా పిల్లల చెప్పులూ బూట్లూ ఉన్నాయి. పాతకాలపువి కావు. గులాబీ రంగువి, జిప్పులవి, నడిస్తే మడమ దగ్గర లైటు వెలిగేవి. కొన్నిటి మీద పిండి వేలు మందాన పేరుకుంది.

"ఇవెవరివండీ?" అని అడిగాను.

"వచ్చినప్పుడు వేసుకొచ్చినవి" అందావిడ.

బయటికొచ్చాక వదినతో ఆ సంగతి చెప్పాను. "పిల్లలకి కాసేపు పని నేర్పే కార్యక్రమం అమ్మాయ్. వేరే చోట్లయితే దీనికి విడిగా టికెట్ పెడతారు. నీకన్నీ అనుమానాలే" అని కొట్టిపారేసింది. పైగా తవుడు ఊరికే వచ్చిందని, పశువులున్నవాళ్ళెవరికైనా అమ్మొచ్చని, బస్తాని అన్నయ్య చేత వ్యాన్‌లోకి మోయించింది. గేటు దగ్గర ముసలాయన ఆ బస్తాని చూశాడు, మా తలలు లెక్కపెట్టుకున్నాడు.

వ్యాన్ దగ్గర మేం తెచ్చుకున్నది తిని, మళ్ళీ లోపలికెళ్ళి మిగతా ఇళ్ళు తిరిగాం. వదిన కుండలు, తాళాలు, అద్దాల చట్రాలు చూసి మురిసిపోయింది. నాకు ఒక్కటీ తలకెక్కలేదు. ఎక్కడున్నా ఆ రాళ్ళ చప్పుడు పాదాల కిందే ఉంది. ఎండ తగ్గి, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే గేటు వైపు నడుస్తుంటే, మూసేస్తున్నట్టుగా ఎక్కడో గంట కొట్టారు. మేం మర దగ్గరికి వెళ్ళాం.

చిన్నది మూల కూర్చుని జల్లెడ పడుతోంది. జుట్టు, కనురెప్పలు తెల్లబడ్డాయి. మమ్మల్ని చూసి తల ఎత్తింది కానీ లేవలేదు.

"పద తవుడమ్మా, ఇంటికి" అన్నాడు అన్నయ్య.

చిన్నది మరాయన వైపు చూసింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పిల్ల రాదండి. బేరం అయిపోయింది కదా."

అన్నయ్య మళ్ళీ నవ్వాడు. ఈసారి ఒక్కడే నవ్వాడు. "బాగా చేశారండీ, సంతోషం. ఇక మూసేసే వేళైంది."

"మరకి మూసే వేళ ఉండదు. నీళ్ళున్నంతసేపూ తిరుగుతుంది."

నేను ఇక ఆగలేదు. ఆయన్ని తోసుకుని లోపలికెళ్ళి చిన్నదాని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా, గరుకుగా ఉంది. మెల్లగా విడిపించుకుంది.

"ఇంకా ఈ కుప్ప ఉంది అత్తా."

"మీరేమవుతారు?" అని అడిగింది మరాయన భార్య.

"మేనత్తని."

"మేనత్త మాట చెల్లదమ్మా. కన్నవాళ్ళ మాట మీద తీసుకున్నాం."

"ఆపండిక మీ నాటకం. ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తాను" అన్నాను. ఆవిడ నా చేతిలో ఫోన్‌ని చూసింది, నా మొహం చూసింది. ఏదో అర్థంకాని భాషలో ఏడుస్తున్న మనిషిని చూసినట్టు జాలిగా చూసింది. నటించేవాళ్ళ కళ్ళలో అంత జాలి ఉండదు.

అన్నయ్య పరుగులాంటి నడకతో గేటు దాకా వెళ్ళొచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో నెమ్మదిగా మాట్లాడటం ఆయన వృత్తి. ఎప్పుడూ తొణకడు. తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు.

"మర విషయం మరలోనే తేల్చుకోమంటున్నాడు ఆ ముసలాయన. ఎంతడిగినా అదే మాట. ఆఫీసులో ఎవరూ లేరు."

నేను ఫోన్ నొక్కబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆగు. పోలీసులొచ్చి నవ్వుతారు. వాళ్ళ ఆటలో వాళ్ళనే ఓడించి తెచ్చుకుందాం. బేరం అన్నారుగా. బేరమే చేద్దాం." శాలువా సర్దుకుంది. నాకు ఆవిడ చెయ్యి తెలుస్తోంది, చెమటతో తడిసిపోయింది. భయపడుతోంది. భయమేస్తే ఆవిడకి చేతనైన పని అదొక్కటే.

"ఏమయ్యా, ఎంతకిస్తావు పిల్లని?" అంది గుమ్మంలో నిలబడి.

మరాయన చిన్నదాన్ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. "నిండు బస్తా వెనక్కివ్వాలి. ఆ పైన మీరు కప్పుకున్న ఆ శాలువా కూడా. పొద్దున తీసుకున్న పిల్ల కాదిది. వేళ్ళ మధ్య పిండి నలిపి రాళ్ళు దగ్గరయ్యాయో దూరమయ్యాయో చెప్తోంది. నాకది వంటబట్టడానికి ఏళ్ళు పట్టింది. చెప్పింది ఒక్కసారికే పట్టుకుంటుంది. ఊరికే మాట్లాడదు. మంచి చెయ్యి."

చిన్నది ఆయన వైపు తలెత్తి చూసింది. అలా మెచ్చుకుంటే ఎటు చూడాలో కూడా దానికి తెలీదు. మా ఇంట్లో ఎప్పుడైనా జరిగితే కదా.

వదిన పెదవి విరిచింది. అది కొట్లో నేను వెయ్యిసార్లు చూసిన విరుపు. "మంచి చెయ్యా? లెక్కల్లో ప్రతిసారీ సున్నా. చెప్పింది చెవికెక్కదు, ఎక్కినా ఉండదు. అన్నం ముందు కూర్చుంటే అది తినేలోపు మనకి మళ్ళీ ఆకలేస్తుంది. జలుబు చేసిందంటే వదలదు. దీపం లేందే నిద్రపోదు, ఆ ఖర్చొకటి." రెండు వేళ్ళతో చిన్నదాని గడ్డం పైకెత్తింది, బీరువా సొరుగు లాగి చూపించినట్టు. "ఈ పళ్ళు చూడు. వంకర. ఇంత లోపమున్నదానికి నిండు బస్తానా?"

"వదినా, పిల్ల వింటోంది" అన్నాను చెవిలో.

"వింటే విననీ, ఇంటికెళ్ళాక చెప్తాను" అంది పెదవి కదపకుండా. "మనకి కావాలని తెలిసిందా, ఇక శాలువాతో ఆగరు."

పెద్దది ఫోన్ జేబులో పెట్టేసి నాన్న చొక్కా పట్టుకుని నిలబడింది. మరాయన తల అడ్డంగా ఊపాడు. "బస్తా, శాలువా" అన్నాడు.

అప్పుడు వదిన కొనేవాళ్ళందరూ చివరికి చేసే పనే చేసింది. "అక్కర్లేదు. మీరే ఉంచుకోండి. పదండి, ఏవండీ" అని వెనక్కి తిరిగి, గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. వెనక్కి చూడలేదు. అమ్మేవాడు పిలిచేదాకా చూడకూడదు, అది ఆవిడ వృత్తిలో మొదటి పాఠం. అన్నయ్య రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేను కదల్లేదు. నేను చిన్నదాన్ని చూస్తున్నాను.

చిన్నది తల్లి వీపుని చూస్తోంది. ఏడవలేదు, పిలవలేదు. దాని మొహంలో ఉన్నది భయం కూడా కాదు. చాలా రోజులుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు వస్తే మనిషి ఎలా నిమ్మళిస్తాడో అలా నిమ్మళించింది.

మరాయన పిలవలేదు. రాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. వదిన నడక నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, కమ్మరి గుమ్మం దాకా వెళ్ళిపోయింది. చివరికి మరాయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, ఇటు రా. ఒక్క మాట."

వదిన తిరిగింది. ఆ మొహంలో గెలుపు. వెనక్కి పిలిచారంటే దిగొచ్చినట్టే. గబగబా వచ్చింది.

మరాయన భార్య చిన్నదాని భుజం మీద చెయ్యేసి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా అంది. "తల్లివైతే తల్లినని చెప్పు. ఊరికే తీసుకెళ్ళు. మాకేమీ వద్దు. కొనేదానివైతే ధర చెప్పు. ఇక్కడ ఏ మాట అంటే ఆ మాటే నిలుస్తుంది."

వదిన మోచెయ్యి పట్టుకుని గుంజాను. "తల్లినని చెప్పు వదినా. అంతే చాలు. చెప్పు."

వదిన నన్ను విదిలించుకుంది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. అమ్మేవాళ్ళు మెత్తబడినప్పుడు మనమూ మెత్తబడితే బేరం చేజారుతుందని ఆవిడకి నేర్పిన ఏళ్ళన్నీ ఆ మెరుపులో ఉన్నాయి. ఈ మాట కూడా ఒక ఎత్తే అనుకుంది. ఆ గుమ్మంలో, ఆ తొందరలో, ఎంత తెలివైన మనిషైనా అలాగే అనుకుంటుందేమో. నేను ఆవిణ్ణి క్షమించాలని చాలాసార్లు అనుకున్నాను, అనుకున్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

"ఆ ముచ్చట్లన్నీ ఎందుకు, ధర మాట్లాడండి" అంది. "సగం బస్తా. శాలువా ఇవ్వను. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే లేదు."

మరాయన భార్య కళ్ళు మూసుకుని తెరిచింది. మొగుడి వైపు చూసి తల ఊపింది.

అన్నయ్య వ్యాన్ దగ్గరికెళ్ళి బస్తా మోసుకొచ్చాడు. మరాయన చేటతో సగం కొలుచుకుని, సగం వదిలేశాడు. చిన్నదాని పనిబట్ట ముడి విప్పారు. అరమీంచి బూట్లు తీసిచ్చారు. మరాయన చిన్నదాని చేతిని తీసి వదిన చేతిలో పెట్టి, "ఇక ఇది మీది. తిండి సరిగ్గా పెట్టండి" అన్నాడు. చిన్నది ఆయనకి వంగి దణ్ణం పెట్టింది. అది మేం నేర్పింది కాదు.

గేటు ముసలాయన మేం దాటగానే తాళం వేశాడు.

వ్యాన్‌లో వదిన ఆపకుండా మాట్లాడింది. "చూశారా, బస్తా అన్నవాడు సగానికి దిగొచ్చాడు. నేనైతే ఇంకా దించేదాన్ని, చీకటి పడుతోందని ఊరుకున్నా." అన్నయ్య ఊపిరి పీల్చుకుని "నిన్ను కొట్లో కూర్చోబెట్టడం దేశానికే నష్టం" అన్నాడు. పెద్దది కూడా నవ్వింది. అందరూ భయం కక్కేస్తున్నట్టు నవ్వారు. వదిన వెనక్కి తిరిగి చిన్నదాని మోకాలు తట్టింది. "ఏమే, రెండోసారి కూడా నిన్నే కొన్నాను. ఇంకేం కావాలే నీకు?"

"ఏమీ వద్దండీ" అంది చిన్నది.

ఆ 'అండీ' నా ఒక్కదాని చెవికే తగిలినట్టుంది. అది సీటు నిండా కూర్చోలేదు. చివర అంచున, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దారి గుర్తుపెట్టుకుంటున్నట్టు కిటికీలోంచి చూస్తోంది.

ఇంటికొచ్చాక గుమ్మం బయటే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మని అన్నయ్య అన్నాకే వచ్చింది. స్నానం చేయమంటే చేసింది. భోజనాల వేళకి ఎవరూ చెప్పకుండానే బల్ల మీద కంచాలు పెట్టింది. నాలుగే పెట్టింది. నీళ్ళు పోసింది. పోసి, వెళ్ళి గోడ పక్కన నిలబడింది.

"కూర్చోవే తవుడూ, నీ కంచమేది?" అంది వదిన.

"మీరు కానివ్వండి అమ్మగారూ. నేను తర్వాత తింటాను."

అన్నయ్య నవ్వబోయి, ఆగాడు. పెద్దది "చాల్లేవే నాటకాలు, ఇంక ఆపు" అని, లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగింది. చిన్నది లాగినంత దూరం వచ్చి, వదిలెయ్యగానే మళ్ళీ గోడ దగ్గరికెళ్ళింది. అలిగిన పిల్ల మొహం నాకు తెలుసు. పగ తీర్చుకునే పిల్ల మొహమూ తెలుసు. దాని మొహం నేను వెతికి వెతికి చూశాను, ఆ రెండూ కనపడలేదు. కొత్త ఇంట్లో తప్పు చెయ్యకూడదని జాగ్రత్త పడుతున్న మొహం అది.

"అమ్మగారూ, నన్నెక్కడ పడుకోమంటారు?" అని అడిగింది.

వదిన చేతిలో ముద్ద కంచంలో పడింది. బల్ల దగ్గర్నుంచి లేచింది, కుర్చీ వెనక్కి పడిపోయింది. వెళ్ళి చిన్నదాని ముందు మోకాళ్ళ మీద కూలబడింది. రెండు చేతులతో దాని మొహం పట్టుకుంది. ఆవిడ గొంతు అంత బోసిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అందులో వెటకారం లేదు, బేరం లేదు, ఏమీ లేదు.

"నేను నీ అమ్మనే. తవుడూ లేదు, కొనడమూ లేదు. నిన్ను నేను కన్నానే. నా కడుపున పుట్టావే నువ్వు."

చిన్నది ఓపిగ్గా పూర్తయ్యేదాకా వింది. తర్వాత నవ్వింది. యజమానురాలు హాస్యమాడితే పనిపిల్ల ఎంత నవ్వాలో అంతే నవ్వి, మెల్లగా ఆ చేతుల్లోంచి మొహం తప్పించుకుని, మా కంచాలు తియ్యడానికి బల్ల దగ్గరికి వచ్చింది.